డాక్టరమ్మకు మా మామయ్య పెట్టిన పరీక్ష

మా మామయ్యకు డాక్టర్లంటే గౌరవం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గౌరవం ఉంది. కాకపోతే ఆ గౌరవాన్ని వాళ్లు పరీక్ష రాసి, పాసై సంపాదించుకోవాలి. ఉద్యోగమున్నంత కాలం హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎదురుగా కూర్చున్నది ఎవరైనా సరే, మెడలో స్టెతస్కోపు ఉన్నా లేకపోయినా, ఆయన కంటికి హోంవర్కు చేయకుండా వచ్చిన పిల్లాడిలాగే కనిపిస్తారు.

"ఏం ప్రాబ్లమండీ?" అని డాక్టరు అడిగితే ఎవరైనా చెప్తారు. మామయ్య చెప్పరు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లద్దాలు సర్దుకుని, "గది మీరు చెప్పాలె. నేనే చెప్పేటట్టయితే మీదాంక వచ్చుడెందుకు?" అంటారు.

దీని వెనక ఒక హకీం ఉన్నాడు. మామయ్య చిన్నప్పుడు నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఉండేవాడట. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, ముందు రోజు ఏం తిన్నావో కూడా చెప్పేవాడట. మామయ్యవాళ్ల నాన్నగారి నాడి పట్టి, "నువ్వు రాత్రి చింతకాయ తొక్కు తిన్నవు, అందుకే దగ్గు" అన్నాడట. ఈ కథ నాకు పెళ్లయిన వారంలోనే చెప్పారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జలుబు చేసినా చెప్తూనే ఉన్నారు. తొక్కు సంగతి నాడి చెప్పిందో, వాసన చెప్పిందో నాకు మొదటి నుంచీ అనుమానమే. కొత్త కోడల్ని కాబట్టి అప్పుడు అడగలేదు. పాత కోడలినయ్యాక అడిగితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మా పుట్టింటి సంగతి వేరు. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడ్డారు. మేం డాక్టరు దాకా ఆగం, కాంపౌండరు దగ్గరే కథ మొదలుపెడతాం. మా అమ్మ మోకాలి నొప్పికి వెళ్తే తన పురుళ్ల దగ్గర నుంచి ఎత్తుకుని, మా పిన్ని గర్భసంచి ఆపరేషను మీదుగా మోకాలికి చేరుకునేది. డాక్టరుకు ఏది పనికొస్తుందో మనకేం తెలుసు, అన్నీ చెప్తే కావలసింది ఏరుకుంటాడు అనేది. అలాంటి ఇంట్లో పుట్టి, నోరు విప్పని ఇంట్లో కోడలిగా పడ్డాను.

మామయ్యకు షుగరుంది, బీపీ ఉంది, గుండెలో స్టెంటు ఉంది. స్టెంటు వేసినప్పుడు ఆయనకు స్పృహ లేదు కాబట్టి డాక్టర్లు పరీక్ష లేకుండా తప్పించుకున్నారు. అప్పటి నుంచి పొద్దున్నే నేను చిన్న స్టీలు గిన్నెలో మాత్రలన్నీ వేసి ఇస్తే, మాట్లాడకుండా మింగేస్తారు. అందులో రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర ఒకటి ముఖ్యమైనది. మింగడం వరకే. వాటి పేరెత్తితే మాత్రం ఊరుకోరు. "బీమారి పేరు తీస్తే అదే వచ్చి పక్కన కూసుంటది" అంటారు.

ఇక పళ్లు. డెబ్బై ఆరేళ్ల వయసులో ఒక్క పన్ను ఊడలేదని ఆయనకు గర్వం. సకినాలు చేస్తే అందరూ తుంచుకుని నములుతాం. ఆయన చక్రం చక్రంగా నోట్లో పెట్టుకుని కటకటలాడించేవారు. మేము వినాలన్నట్టే నమిలేవారు.

ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోయింది. సకినాల డబ్బా తీయడం మానేశారు. చాయ్ తాగేటప్పుడు మెడ కుడివైపు వాలుస్తున్నారు. మర్నాటికి ఎడమ దవడ మీద ఉబ్బు కనిపించింది.

"పన్ను నొప్పా మామయ్యా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. గాలి పట్టింది" అన్నారు.

గాలి పడితే మెడ వంకర పోవాలి గానీ బుగ్గ బూరెలా పొంగుతుందా? మా ఆయనది నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఫోను చేస్తే, "బాపును ఎట్లన్న ఒప్పించి తీస్కపో. కానీ ఆయన మాటకు అడ్డం మాట్లాడకు" అన్నారు. ఈ రెండూ ఒకేసారి ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు. మా ఇంట్లో మగవాళ్లంతా ప్రశ్నపత్రం తయారుచేసే రకమే.

అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తులో పళ్ల డాక్టరు ఉందని మా ఆఫీసులో చెప్తే, హాఫ్ డే సెలవు పెట్టి బయల్దేరదీశాను. ఆటోలో కూర్చోగానే ఆయన షరతు పెట్టారు.

"చూడు బిడ్డా, వస్తున్న. కానీ నడుమ నువ్వు అందియ్యొద్దు."

"ఏమందించకూడదు మామయ్యా?"

"జవాబులు. పరీక్ష హాల్ల అందిచ్చుడు తప్పు. ఆమెకు చదువొస్తే ఆమెనే కనుక్కుంటది."

నేను తలూపాను. తలూపకపోతే ఆటో దిగి వెనక్కి నడిచే మనిషి.

ఆ కాంప్లెక్సులో లిఫ్టుకు తాళం వేసి, పక్కన అట్టముక్క మీద "పనిచేయదు" అని రాసి వేలాడదీశారు. ఆ అట్టముక్కే పాతబడి పసుపు రంగుకు తిరిగింది. మెట్లెక్కుతుంటే మామయ్య ప్రతి మలుపులోనూ ఆగి, గోడ మీద బోర్డు చదవడం మొదలుపెట్టారు. మొదటి మలుపులో టైలరు. "గీన సఫారీలు మంచిగ కుట్టెటోడు. ఇప్పుడు సఫారీ ఎవలేస్తున్నరు?" అని కాసేపు నిలబడ్డారు. తర్వాత ఆడిటరు. "ఆడిటర్‌కు బోర్డు గింత పెద్దగెందుకు?" అని ఇంకాసేపు. ఆ పైన జ్యోతిష్యం. అక్కడ మరీ ఎక్కువసేపు, చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో శాసనం చదువుతున్నట్టు. నేను గడియారం చూసుకుంటూ పళ్లు కొరుక్కున్నాను. నావి కూడా అరిగిపోయి ఆ డాక్టరు చేతిలో పడతాయేమో అనుకున్నాను.

డాక్టరు చిన్నపిల్ల. సన్నగా ఉంది, మాట మెత్తగా ఉంది. "రండి అంకుల్, కూర్చోండి" అంది.

"నేను సార్‌ను. అంకుల్‌ను గాదు" అన్నారు మామయ్య.

"సారీ సార్" అని నవ్వి, నోరు చూసి, చిన్న ఎక్స్‌రే తీసింది. దవడపన్ను లోపల కుళ్లి, వేరు కొనకు చీము పట్టింది. పన్ను తీసేయక్కర్లేదు, రూట్ కెనాల్ చేస్తే నిలుస్తుంది అంది. పన్ను నిలుస్తుందన్న మాటకు మామయ్య ముఖం విచ్చుకుంది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"షుగర్ ఉన్నదా సార్?"

"మీరే చూడాలె."

"బీపీ?"

"చూస్తే తెలుస్తది."

"గుండె ప్రాబ్లం ఏమన్న ఉన్నదా? ఇంతకుముందు ఏమన్న ఆపరేషన్?"

"మీరు పన్ను చూస్తున్నరా, గుండె చూస్తున్నరా?"

"రోజూ ఏమన్న గోలీలు వేస్కుంటున్నరా సార్?"

"వేస్కుంట. తెల్లయి రెండు, గులాబి రంగుది ఒకటి."

నేను ఆయన కుర్చీ వెనక నిలబడి మింగలేక కక్కలేక చస్తున్నాను. ఆ పిల్ల ఓపికకు మాత్రం దణ్ణం పెట్టాలి. కోపం తెచ్చుకోకుండా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. "ఎక్కువున్నది సార్" అంది. మామయ్య తృప్తిగా తలూపారు. "పాస్" అన్నారు. ఆమె వేలికి సూది గుచ్చి షుగరు చూసింది. "ఇదీ ఎక్కువనే ఉన్నది" అంది. "సెకండ్ క్లాస్" అన్నారు. ఆ పరికరాలు రెండూ అయిపోయాయి. గుండెలో ఉన్న స్టెంటును పట్టుకునే పరికరం పళ్ల డాక్టరు దగ్గర ఉండదు. రక్తం పలచబడే మాత్ర రంగు చెప్తే తెలియదు. ఇప్పుడామె సూది తీసి మత్తుమందు ఇచ్చేస్తే ఏమవుతుంది?

అందించొద్దన్నారు గానీ సైగలు చేయొద్దనలేదు కదా. ఆయన తల వెనక నుంచి డాక్టరమ్మ వైపు చూస్తూ నా ఎడమ రొమ్ము మీద అరచేత్తో తట్టాను. ఆమె కనుబొమలు ముడిచింది. మళ్లీ గట్టిగా తట్టి, కళ్లు తేలేసి, తల పక్కకు వాల్చి చూపించాను. గుండెపోటుకు ఇంతకంటే బాగా సైగ చేయడం నాకు రాదు.

డాక్టరమ్మ చేతిలోని అద్దం కిందపడేసి లేచింది. "మేడం! కూర్చోండి! ఛాతిలో నొప్పా?" అంటూ పరిగెత్తుకొచ్చి నన్ను స్టూలు మీద కుదేసి, మామయ్య చేతికున్న పట్టీ ఊడదీసి నా చేతికి చుట్టేసింది. నేను కాదు కాదంటున్నా వినలేదు. పట్టీ బిగిసింది, వదిలింది. ఆమె మళ్లీ ఒకసారి చూసి, "మేడం, మీకు బీపీ ఉన్నది. గోలీలు వేస్కుంటున్నరా?" అంది.

"నాకా? నాకేం లేదండీ."

"ఉన్నది మేడం. బాగనే ఎక్కువున్నది."

మామయ్య కుర్చీలో సగం లేచి కూర్చున్నారు. అంత సంతోషం ఆయన ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు, మనవడు పుట్టినప్పుడు కూడా. "చూసినవా బిడ్డా! చెప్పకుంటనే కనుక్కున్నది! గిదీ డాక్టరంటే!"

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. "గుండె నాది కాదండీ, ఆయనది! స్టెంటు వేశారు! రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటారు! షుగరూ, బీపీ ఏళ్ల తరబడి ఉన్నాయి!" అని గట్టిగా అరిచాను. బయట వరుసలో కూర్చున్నవాళ్లు తలుపు వైపు తిరిగి చూశారు. మా అమ్మ బతికుంటే నన్ను చూసి గర్వపడేది.

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుని మామయ్య పక్కన కూర్చుంది. మత్తు సూదిలో గుండె వేగం పెంచే మందు కాస్త కలుస్తుందనీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకు చూసి చూసి ఇవ్వాలనీ చెప్పింది. రక్తం పలచబడే మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదట, ఆపితే పంటికంటే పెద్ద ముప్పట. "నొప్పికి ఇంట్ల ఏమన్న వేస్కున్నరా సార్?" అని అడిగితే, మామయ్య చొక్కా జేబులోంచి మందుల షాపులో సొంతంగా కొన్న నొప్పి మాత్రల అట్ట ఒకటి తీశారు. అది ఆయన గుండెకూ పడదు, ఆయన మందులకూ పడదు. డాక్టరమ్మ దాన్ని తీసుకుని, వేరే మాత్రలు రాసి, గుండె డాక్టరును కలిసి సరేననిపించుకున్నాకే పంటి మీద చెయ్యి వేస్తానంది.

దిగేటప్పుడు మామయ్య ఒక్క బోర్డు వైపు కూడా చూడలేదు. గబగబా దిగిపోయారు. కోపం అనుకున్నాను.

కోపం ఉందిలెండి. ఆ వారమంతా నాతో నేరుగా మాట్లాడలేదు. ఫోన్లో మా ఆయనతో, "నీ పెండ్లానికి చెప్పు, కూరల ఉప్పు తక్కువైంది" అని వినిపించేవారు. ఊళ్లో ఉన్న మనిషి మాట నాందేడ్‌లో ఉన్న మనిషి మీదుగా నా వంటింటికి వచ్చేది. అయితే ఒక్క విషయంలో మాత్రం నియమం సడలించారు. నేనూ ఆ మర్నాడే మా డాక్టరు దగ్గరకు వెళ్లి బీపీ మాత్రలు మొదలుపెట్టాను. పొద్దున్నే నా గిన్నె కూడా పక్కన పెట్టుకుంటే, "గోలీ వేస్కున్నవా?" అని అడిగేవారు, తన క్లాసులో కొత్తగా చేరిన పిల్లను అడిగినట్టు.

కోపం తీరకముందే పన్ను మళ్లీ తిరగబెట్టింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని కూడా దవడపన్ను దారికి తెస్తుంది. గుండె డాక్టరు దగ్గరకు వెళ్లాం. "మెట్లెక్కితే ఆయాసం గానీ, ఛాతి నొప్పి గానీ ఉంటోందా?" అని ఆయన అడిగారు. "ఏం లేదు. మస్తుగున్న" అన్నారు మామయ్య. నాకూ వేరే ఏమీ తెలియదు కాబట్టి ఊరుకున్నాను. మాత్రలేవీ ఆపొద్దు, జాగ్రత్తలు తీసుకుని చేయించుకోవచ్చు అని ఆయన రాసిచ్చారు.

రెండోసారి అపాయింట్‌మెంటు పొద్దున్నే ఇచ్చింది డాక్టరమ్మ. ముందు రోజు నాకు ఫోను చేసి మరీ చెప్పింది. "టిఫిన్ తినాలె, గోలీలన్నీ వేస్కోవాలె. ఖాళీ కడుపుతోని తేకుండ్రి." ఇది మామయ్య సిద్ధాంతానికి పూర్తిగా విరుద్ధం. దవాఖానకు ఖాళీ కడుపుతో వెళ్లాలన్నది ఆయన పట్టు. రక్త పరీక్షకు అలాగే రమ్మంటారు కాబట్టి అన్నిటికీ అదే పద్ధతనుకున్నారు. పైగా లంఖణం పరమౌషధం అన్న మాటొకటి తోడు.

ఉప్మా చేసి, ముందు పెట్టి, గిన్నెలో మాత్రలు పెట్టి, స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి పళ్లెం కడిగినట్టుంది. గిన్నె ఖాళీ. నాకు ఎంత సంతోషమేసిందంటే, "బాగుందా మామయ్యా?" అని కూడా అడిగాను. "మంచిగున్నది" అన్నారు. డాబా మీద పావురాలు ఆ రోజెందుకో మరీ గోల చేస్తున్నాయి.

మళ్లీ ఆ మెట్లు. టైలరు దగ్గర ఆగారు, ఆడిటరు దగ్గర ఆగారు. జ్యోతిష్యం బోర్డు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయారు.

"జాతకం చూపించుకుంటారా ఏమిటి?" అన్నాను విసుగ్గా.

"వాని జాతకమే మంచిగ లేదు. గిరాకి ఏది?" అన్నారు, కాస్త ఆగి.

మత్తుసూది ఇచ్చే ముందు డాక్టరమ్మ బీపీ చూసింది. ఫరవాలేదంది. "టిఫిన్ అయిందా సార్?" అని అడిగితే మామయ్య తలూపారు. చెంప మొద్దుబారాక, పన్ను ఒక్కటే పైకి కనబడేలా నోటికి రబ్బరు తెర బిగించింది. ఇక మాట్లాడ్డానికి వీల్లేదు. "మధ్యల ఏమన్న ఇబ్బంది అనిపిస్తే ఎడమ చెయ్యి పైకెత్తండి సార్. నేను వెంటనే ఆపుత" అంది.

నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్లు పిల్లల చేత చేతులెత్తించిన మనిషి. ఆయన చెయ్యెత్తడమంటే తెలియదని ఒప్పుకోవడమే. చస్తే ఎత్తరనుకున్నాను.

కుర్చీ కాళ్ల వైపు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మిషను సన్నగా కూస్తోంది. కాసేపు బాగానే ఉంది. తర్వాత ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. ఏసీ గదిలో చెమటేంటి? చెప్పుల్లేని పాదాలు వణుకుతున్నాయి. వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. తేలు కుట్టిన దొంగ కూడా అంత గట్టిగా నోరు మూసుకోడు. నా నోటికి ఏ తెరా లేదు. అడ్డం మాట్లాడొద్దన్న మా ఆయన మాట, అందియ్యొద్దన్న ఈయన మాట రెండూ గాలికి వదిలేసి అరవబోయాను.

అప్పుడు ఎడమ చెయ్యి లేచింది.

ముందు మణికట్టు లేచింది, తర్వాత మోచెయ్యి. భుజం దాకా వచ్చి, గాల్లో వణుకుతూ ఆగింది. వెనక బెంచీలో, సారు చూస్తారో లేదో అని సగం ఎత్తిన చెయ్యిలా ఉంది. డాక్టరమ్మ మిషను ఆపి తెర తీసేసింది.

"తినలే" అన్నారు మామయ్య, మొద్దుబారిన నాలుకతో. "ఉప్మా పావురాలకేసిన."

"గోలీలో సార్?"

"గోలీలు వేస్కున్న."

షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే షుగరు దిగజారిపోతుంది. వేలికి గుచ్చి చూస్తే అదే అయింది. కుర్చీ లేపి కూర్చోబెట్టి, గ్లూకోజు కలిపి మెల్లగా తాగించింది. చెంప మొద్దుబారిపోవడంతో సగం గడ్డం మీదుగా కారిపోతోంది. నేను కర్చీఫుతో తుడుస్తూ తిడుతున్నాను, తిడుతూ ఏడుస్తున్నాను. "పావురాలకు షుగరుందా? వాటికి రూట్ కెనాలా?" అని ఏదేదో అన్నాను. నిజంగా భయపడ్డాను. ఈ మనిషి లేకపోతే ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి?

వణుకు తగ్గింది. డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. "ఇప్పుడు మంచిగున్నదా సార్? ఇంకేమన్న ఉన్నదా?"

మామయ్య నా వైపు చూశారు. ఆమె వైపు చూశారు. మళ్లీ ఎడమ చెయ్యి ఎత్తారు. నోటికి తెర లేదు, మాట్లాడొచ్చు, అయినా ఎత్తారు.

"ఇంకోటున్నది. మెట్లెక్కుతుంటే ఛాతి పట్టేస్తున్నది."

"ఎప్పటిసంది సార్?"

"దసరాసంది."

"మామయ్యా! ఇందాక బోర్డులు చదువుకుంటూ హాయిగా ఎక్కారు కదా!" అన్నాను.

ఆయన నన్ను, ఎన్నిసార్లు చెప్పినా కూడిక రాని పిల్లను చూసినట్టు చూశారు. "బోర్డులెవరు సదువుతరు బిడ్డా? గవి ఎన్కటిసంది గవే బోర్డులు."

టైలరు, ఆడిటరు, జ్యోతిష్యం అన్నీ వరసగా గుర్తొచ్చాయి. దిగేటప్పుడు ఒక్కటీ చూడకపోవడం గుర్తొచ్చింది. పక్కనే నిలబడి గడియారం చూసుకున్నాను గానీ ఆయన ముఖం చూడలేదు.

"మరి మొన్న గుండె డాక్టరు అడిగితే మస్తుగున్నానన్నారెందుకు?"

మామయ్య నేల చూస్తూ అన్నారు. "చెప్తే ఐతారం బంద్ జేస్తరు."

ప్రతి ఆదివారం ఆయన నాంపల్లిలోని మా ఇంటి నుంచి అబిడ్స్‌కు నడిచి వెళ్తారు. ఆ రోజు అక్కడ మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాళ్లుంటారు. ఈయన వాళ్ల ముందు గొంతుక్కూర్చుని పాత లెక్కల పుస్తకాలు వెతుక్కుంటారు. అట్ట ఊడినా సరే ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, మధ్యాహ్నమంతా అందులో లెక్కలు చేసుకుంటారు. అత్తయ్య పోయాక ఆయనకంటూ మిగిలింది ఆ ఒక్క పూటే. మిగతా రోజులన్నీ మావి. ఇది వద్దు, అది తినకండి, ఒక్కరే వెళ్లకండి అని మేమే నడిపిస్తాం. దాన్ని కాపాడుకోవడానికి గుండె నొప్పిని దాచుకున్నారు.

"బంద్ చేయం మామయ్యా. నేనొస్తాను. కావాలంటే రెండడుగులు వెనక నడుస్తాను" అన్నాను. ఆయన కర్చీఫు నా చేతిలోంచి తీసుకుని గడ్డం తనే తుడుచుకున్నారు.

డాక్టరమ్మ పంటికి తాత్కాలికంగా మందు పెట్టి మూసేసింది. పన్ను ఆగుతుంది, ముందు గుండె చూపించండి అని, తనే గుండె డాక్టరుకు ఫోను చేసింది. కిందికి దిగడానికి కుర్చీ తెప్పిస్తానంటే మామయ్య ఒప్పుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసుకుని దిగారు. వెళ్లే ముందు ఆమెతో, "మీకు ఫస్ట్ క్లాస్" అన్నారు. "మార్కులు మీకే సార్, చెయ్యెత్తింది మీరు" అందామె.

ఆ సాయంత్రం గుండె డాక్టరు గదిలో కూర్చున్నాక, ఆయన కంప్యూటర్లోంచి తల ఎత్తేసరికి మామయ్య ఎడమ చెయ్యి గాల్లో ఉంది. అడక్కముందే దసరా దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పేశారు, ఉప్మా సంగతితో సహా. పరీక్షలు చేస్తే ఇంకో రక్తనాళం సన్నబడుతోందని తేలింది. సమయానికి వచ్చారు అన్నారు. మళ్లీ స్టెంటు వేశారు. ఈసారి ఆయన స్పృహలోనే ఉండి, టీవీలో తన గుండెను చూసి, ఏ గొట్టం ఎటు పోతోందో అడిగారట. మా ఆయన అన్ని ఊళ్లూ వదిలేసి నెలంతా ఇంట్లోనే ఉన్నారు. ఆదివారాలు ముగ్గురం అబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లాం. ఆటోలో వెళ్లి, ఆటోలో వచ్చాం. మామయ్య గొణిగారు గానీ ఎక్కారు.

గుండె డాక్టరు ఇక చేయించుకోవచ్చని చెప్పేదాకా ఆగి, పన్ను పూర్తి చేయించడానికి మళ్లీ ఆ కాంప్లెక్సుకు వెళ్లాం. లిఫ్టు మీద అదే అట్టముక్క. మెల్లగా ఎక్కండి, ఆగి ఆగి ఎక్కండి అని చెప్పారు కాబట్టి తొందరపెట్టలేదు. టైలరు బోర్డు దాటాం. ఆడిటరు బోర్డు ఇంకా రాలేదు. మధ్యలో, వట్టి గోడ దగ్గర, మామయ్య ఆగారు. అక్కడ చదవడానికి ఏమీ లేదు. రైలింగు పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు.

పైనుంచి ఫైళ్లు చంకలో పెట్టుకుని ఎవరో దిగుతున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, "ఏమైంది పెద్దాయనా?" అన్నాడు.

"ఏం గాలే. జర దమ్ము తీసుకుంటున్న" అన్నారు మామయ్య. అంతటితో ఆగుతారనుకున్నాను. "గుండెల రెండు స్టెంట్లున్నయి. షుగరున్నది, బీపీ ఉన్నది. రక్తం పల్చగయ్యే గోలీ వేస్కుంట. ఇప్పుడు పంటికి రూట్ కెనాల్. ఈమె మా కోడలు. ఈమెకు గుడ బీపీ ఉన్నది."

ఆ మనిషి తలూపి దిగిపోయాడు. నాకూ ఆయాసంగానే ఉంది. చీర సర్దుకుని మామయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాను.